షిరాజ్ మిత్రుడితో పర్సెపోలిస్ చూడాలనుకుంటున్నాం: ఏ వరుసలో, ఎలా చూడాలి?

పినాకిని (నెల్లూరు):

అందరికీ నమస్కారం. మస్కట్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నాతో ఒకే గదిలో ఉన్న ఇరాన్ మిత్రుడు ఇప్పుడు స్వస్థలమైన షిరాజ్‌లో స్థిరపడి, ప్రాచీన పారశీక సామ్రాజ్యపు రాజధాని పర్సెపోలిస్‌ను దగ్గరుండి చూపిస్తానని చాలాకాలంగా పిలుస్తున్నాడు. పరిస్థితులు అనుకూలించినప్పుడు నా భార్యతో కలిసి వెళ్లాలనుకుంటున్నాను. వారం లోపే తిరిగి రావాలి కనుక షిరాజ్ చుట్టుపక్కల వాటికే పరిమితం కావాలా, దూరంగా ఉన్న బిసోతూన్, సూసా చారిత్రక స్థలాలను కూడా కలుపుకోవచ్చా? మిత్రుడికి చరిత్ర మీద ప్రేమ ఉంది గాని అతడు గైడు కాడు, కనుక ఏ శిల్పం దగ్గర ఎందుకు ఆగాలో ముందే తెలుసుకుని వెళ్లడం మంచిదనిపిస్తోంది. మరొక మొహమాటమైన సంగతి ఏమిటంటే, అతడు మమ్మల్ని ఒక్క పైసా ఖర్చు పెట్టనివ్వడు. అతడి మనసు నొప్పించకుండా మా వంతు మేము భరించేదెలా?

గుండ్లకమ్మ (ఒంగోలు):

పినాకిని గారికి, వారం లోపు సమయమైతే ఆ రెండింటి ఆలోచన మానుకోండి. బిసోతూన్ ఇరాన్ పడమటన కెర్మాన్షా దగ్గర, సూసా నైరుతిన ఖూజిస్తాన్‌లో ఉన్నాయి, సగం సెలవు దారిలోనే గడిచిపోతుంది. పసర్‌గాదె, పర్సెపోలిస్, కొండలో తొలిచిన రాజసమాధులున్న నఖ్షె రుస్తం, ఈ మూడూ చాలు, వీలైతే ఇదే వరుసలో చూడండి. పసర్‌గాదెలో ఉన్నది క్రీ.పూ. 530లో మరణించిన, పారశీక సామ్రాజ్య స్థాపకుడు సైరస్ సమాధి. మెట్ల పీఠం మీద ఒక చిన్న రాతి గది, అంతే. పర్సెపోలిస్ చూసి వచ్చినవారికి అది వెలవెలబోయినట్టు కనిపిస్తుంది, ముందుగా చూసినవారికి ఆ నిరాడంబరతే నచ్చుతుంది.

పర్సెపోలిస్ నిర్మాణాన్ని ఆ తర్వాతి చక్రవర్తి డరయస్ క్రీ.పూ. 518 ప్రాంతంలో ప్రారంభించాడు, క్రీ.పూ. 330లో అలెగ్జాండర్ కాలంలో అది తగలబడింది. అపదానా సభాభవనపు 72 స్తంభాలలో నేడు నిలిచి ఉన్నవి 13 మాత్రమే. అందరూ వాటి దగ్గర ఫొటోలు దిగుతారు గాని, నా దృష్టిలో అసలు చూడవలసినవి ఆ భవనపు తూర్పు మెట్లు. అక్కడ సామ్రాజ్యంలోని 23 జాతుల ప్రతినిధులు కానుకలతో బారులు తీరి ఉంటారు. గాంధారులు మూపురమున్న ఎద్దును తోలుకువస్తున్నారు, ఒంగోలు వాళ్ల కన్ను ముందు దాని మీదే పడుతుందని వేరే చెప్పనక్కరలేదు. సింధు ప్రాంతపు బృందంలో పంచె వంటి వస్త్రం కట్టి, భుజాన కావడి మోస్తున్న మనిషిని వెతికి చూడండి. ఆ కావడిలోని పాత్రలలో ఉన్నది బంగారు రజను అయి ఉంటుందని పండితులు భావిస్తారు, ఎందుకంటే భారతీయులు డరయస్‌కు 360 టాలెంట్ల (టాలెంట్ అనేది నాటి తూకపు కొలత) బంగారు రజను కప్పం కట్టేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

ఆ మెట్ల మీద ఎవరినీ కట్టి ఈడ్చుకురావడం లేదు, ప్రతి బృందపు నాయకుణ్ణీ ఒక ఆస్థానోద్యోగి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. దానిని పూర్తిగా నమ్మకండి. ఇదే డరయస్ బిసోతూన్ కొండ మీద తిరుగుబాటుదారులను మెడలకు తాడు కట్టి నిలబెట్టినట్టు చెక్కించాడు. నఖ్షె రుస్తంలో ఆయన సమాధి ముఖం మీద చక్రవర్తి నిలిచిన వేదికను 30 జాతుల మనుషులు చేతులెత్తి మోస్తుంటారు, పర్సెపోలిస్ మెట్లను తలచుకుంటూ దానిని చూడాలి. అదే కొండ మీద, ఆ సమాధికి దగ్గరలో, క్రీ.శ. 260లో రోమన్ చక్రవర్తి వలేరియన్‌ను బంధించిన పారశీక రాజు షాపూర్ విజయశిల్పం ఉంది. అది తర్వాతి పారశీక రాజవంశమైన ససానియన్లది, సుమారు ఏడున్నర శతాబ్దాల తర్వాతది, రెండింటినీ ఒకే కాలానికి కట్టబెట్టకండి.

ఉదయగిరి:

నేను ఇరాన్‌లో కొంతకాలం ఉద్యోగం చేశాను కనుక మీ మొహమాటం గురించి చెబుతాను. అక్కడ తారోఫ్ అనే మర్యాద ఉంది, దుకాణదారు కూడా మొదట డబ్బు వద్దంటాడు, మీరు మళ్లీ మళ్లీ ఇవ్వబోతేనే తీసుకుంటాడు. మిత్రుడితో హోటలు బిల్లు దగ్గర పెనుగులాడటం కంటే, బయలుదేరే ముందే ఫోనులో మాట్లాడుకుని, ఇంటి భోజనం అతడిది, కారు ఖర్చు, ప్రవేశ టికెట్లు మీవి అని తేల్చుకోండి. విదేశీయుల టికెట్టు ధర స్థానికుల ధర కంటే ఎక్కువ కనుక మీరు గట్టిగా అడగడానికి న్యాయమైన కారణం కూడా ఉంది. మన బ్యాంకు కార్డులు అక్కడ పనిచేయవు, యూరోలో డాలర్లో నగదుగా తీసుకువెళ్లాలి. ధరను నోటితో తోమాన్లలో చెబుతారు, ఒక తోమాన్ అంటే 10 రియాళ్లు. బేరమాడే పని మిత్రుడికే వదిలేయండి. మీ శ్రీమతి గారు తల మీద స్కార్ఫ్ వేసుకోవడం అక్కడి చట్టం. కానుకగా మా ఉదయగిరి చెక్క గరిటెలు తీసుకువెళితే బాగుంటుంది, మలై కాజా అయితే దారిలో పాడవుతుంది.

మైపాడు:

గుండ్లకమ్మ గారు చెప్పిన వరుస బాగుంది గాని, మూడింటినీ ఒకే రోజులో ముగించే ప్రయత్నం మాత్రం చేయవద్దని నా మనవి. పర్సెపోలిస్ షిరాజ్‌కు సుమారు 60 కిలోమీటర్లు, నఖ్షె రుస్తం దాని పక్కనే, పసర్‌గాదె ఇంకా చాలా దూరం. మొదటి రోజు పసర్‌గాదె ఒక్కటే చూసి, రెండవ రోజు తెల్లవారుజామున పర్సెపోలిస్‌కు బయలుదేరితే ఎండ ముదరక ముందే మెట్ల దగ్గర తీరికగా నిలబడవచ్చు. మార్చి ఆఖరున నౌరూజ్ (ఇరాన్ కొత్త సంవత్సరం) సెలవుల్లో మాత్రం వెళ్లకండి. జనం విపరీతంగా ఉంటారు, మీ మిత్రుడి ఇల్లు కూడా బంధువులతో నిండి ఉంటుంది. ఏప్రిల్ రెండవ సగం గాని, అక్టోబరు గాని మేలు.

2024 ఫిబ్రవరిలో భారతీయులకు ఇచ్చిన వీసా మినహాయింపును ఇరాన్ 2025 నవంబరు 22 నుంచి నిలిపివేసింది. కనుక వీసా చేతికి వచ్చి, మన విదేశాంగ శాఖ ప్రయాణ సూచనలను చదివిన తర్వాతే చెన్నై నుంచి విమాన టికెట్లు తీసుకోండి.