గ్రీన్‌హామ్ కామన్‌లో ఏం పాటలు పాడేవాళ్లు?

నడకపిచ్చి: మేం ఇంగ్లండ్‌లో, రీడింగ్‌లో ఉంటాం. ఆదివారం పాపతో, ఒకప్పుడు వైమానిక స్థావరంగా ఉన్న గ్రీన్‌హామ్ కామన్ మైదానానికి వెళ్లాను. ఆవులు మేస్తున్నాయి. వాటి వెనక, కంచె లోపల, గడ్డి మొలిచిన పెద్ద దిబ్బలు. ఒకప్పుడు అమెరికా అణు క్రూయిజ్ క్షిపణులు ఉంచిన గూళ్లవి. 1981 నుంచి 2000 దాకా ఆడవాళ్లు ఇక్కడ శిబిరం వేసుకుని, పాటలు పాడుతూ నిరసన చేశారని చెప్పాను. "ఏం పాటలు నాన్నా?" అంది. నోట మాట లేదు నాకు.

పాతరికార్డు: చాలావరకు అందరికీ తెలిసిన బాణీలకే కొత్త మాటలు కట్టేవాళ్లండి, మన బతుకమ్మ పాటల్లో చేసినట్టు. వాయిద్యాలతో పని లేదు, గొంతు చాలు. 1983 జనవరి 1న ఇంకా తెల్లారకముందే 44 మంది నిచ్చెనలేసుకుని కంచె దాటారు. ఆ దిబ్బలెక్కి, చేతులు పట్టుకుని, పాడుతూ గుండ్రంగా ఆడారు. ఆ చలిలో! తర్వాత కోర్టులోనూ పాడారు. (జడ్జి ముఖం చూడాలనిపిస్తుంది నాకు.)

సైకిల్‌మాస్టారు: మీ పక్కనే ఉన్న ఆల్డర్‌మాస్టన్‌ని మర్చిపోతే ఎలా? 1958 ఈస్టర్‌కి అణ్వాయుధాలు వద్దనేవాళ్లు లండన్ నుంచి అక్కడి అణ్వాయుధ కేంద్రానికి నాలుగు రోజులు నడిచారు, సుమారు 83 కిలోమీటర్లు. ఆ ఊరేగింపులకి సైన్స్ ఫిక్షన్ రచయిత జాన్ బ్రన్నర్ రాసిన పాట పాత గనికార్మికుల బాణీలోదే. శాంతి గుర్తు కూడా మొదట కనిపించింది ఆ నడకలోనే.

నడకపిచ్చి: పాప టీషర్టు మీదున్నది ఆ గుర్తే మాస్టారూ! ఫ్యాషన్ అనుకుని కొన్నాను.