పేరున్న విశ్వవిద్యాలయమా, సీనియర్ల అండ ఉన్న విశ్వవిద్యాలయమా? ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు విషయంలో సలహా కావాలి

ప్రశ్న: పలాస నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. నేను పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమలో గుమస్తాను. మా అమ్మాయి బీఎస్సీ పూర్తిచేసింది. కెమిస్ట్రీ అంటే దానికి ప్రాణం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసింది, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చేలా ఉంది. రాష్ట్ర పరీక్షలో వచ్చిన ర్యాంకుకు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలోనో ఆర్గానిక్ కెమిస్ట్రీ దొరుకుతుందంటున్నారు.

పేరున్న చోట చదివితే ఆ పేరే జీవితాంతం అన్నం పెడుతుందని మా తమ్ముడి వాదన. పైడిభీమవరం మందుల కంపెనీల నిండా మన వైపు చదివిన పిల్లలే ఉన్నారు, వాళ్లే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళతారు, ఆడపిల్లను అంత దూరం పంపడమెందుకని మా బావగారు. ఇద్దరూ చెప్పేది నిజమే అనిపిస్తోంది. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివినవాళ్లు లేరు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

జవాబు: రణస్థలం నుంచి, మందుల కంపెనీ ఉద్యోగిని

బాబాయ్ గారూ, నమస్కారం. నేను ఎచ్చెర్లలోనే ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదివాను. పదకొండేళ్లుగా మందుల కంపెనీ పరిశోధన విభాగంలో పనిచేస్తున్నాను. నాకు తెలిసింది దాచకుండా చెబుతాను.

ముందు మీ బావగారి మాట. నా మొదటి ఉద్యోగం అలాగే వచ్చింది. మా కంటే రెండేళ్లు ముందు చదివిన అక్క ఒక శుక్రవారం రాత్రి ఫోను చేసి, "ఆదివారం వాకిన్ ఇంటర్వ్యూ ఉంది, పది రియాక్షన్లు మెకానిజంతో సహా చదువుకుని రా" అంది. ఆ సంగతి మా తరగతిలో ఇంకెవరికీ తెలియదు.

అయితే అక్క చేయగలిగింది అంతవరకే. లోపలికి వెళ్లాక మేనేజరు గారు నా సర్టిఫికెట్లు ముట్టుకోలేదు. పదార్థాలను చుక్కలుగా విడదీసి చూపే వేలెడంత టీఎల్‌సీ ప్లేటు ఒకటి అతినీలలోహిత దీపం కింద పెట్టి, "రియాక్షన్ అయిందా?" అని అడిగారు. ఎడమవైపు రియాక్షన్‌కు మొదట వాడిన పదార్థం చుక్క, కుడివైపు రియాక్షన్ నుంచి తీసిన నమూనా, మధ్యలో రెండూ కలిపిన చుక్క. కుడివైపు వరుసలో కొత్త చుక్క బాగా కనిపిస్తోంది కానీ, మొదటి పదార్థం చుక్క కూడా అదే ఎత్తులో లేతగా మిగిలే ఉంది. "కాలేదు సార్, ఇంకాసేపు నడిపి మళ్లీ చూడాలి" అన్నాను. ఆ తర్వాతే ఏ విశ్వవిద్యాలయం అని అడిగారు. నాతో పాటు వచ్చిన ఒక అబ్బాయి చాలా పేరున్న చోట చదివాడు, నాకంటే తెలివైనవాడు. ఆ ప్లేటు ముందు తడబడ్డాడు. తమ ల్యాబులో నలుగురికి ఒక ప్రయోగం ఇచ్చేవారనీ, తాను ఎప్పుడూ లెక్కలు రాసే వంతే తీసుకున్నాననీ తర్వాత బయట బెంచీ మీద కూర్చుని చెప్పాడు. ఆ రోజు అతని ముఖం నాకు ఇంకా గుర్తుంది.

కాబట్టి మీరు అడగవలసిన మొదటి ప్రశ్న విశ్వవిద్యాలయం గురించి కాదు, ఆ విభాగం గురించి. విశ్వవిద్యాలయానికి వచ్చే ర్యాంకు అన్ని విభాగాలనూ కలిపి ఇచ్చేది. కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే నిర్ఫ్ ర్యాంకుల్లో కూడా 100కు 10 మార్కులే పేరుప్రతిష్ఠలకు. మిగతావి బోధన, పరిశోధన, పట్టా పొందినవారి ఫలితాలు, అందరికీ చోటు దక్కడం వంటివాటికి. ప్రతి సంస్థా నిర్ఫ్‌కు పంపిన వివరాలను తన వెబ్‌సైటులో పెడుతుంది. రెండేళ్ల పీజీలో ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులో పూర్తిచేశారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, ఎందరు పైచదువులకు వెళ్లారు, మధ్యస్థ జీతమెంత, అన్నీ అందులో ఉంటాయి. అమ్మాయిని కూర్చోబెట్టి చదివించండి.

ఇక పూర్వ విద్యార్థుల బలం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. సంఖ్యాశాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించే సి.ఆర్. రావు గారు అక్కడే గణితం చదివారు. మన రాజాం నుంచి వెళ్లిన జి.ఎం. రావు గారు అక్కడే ఇంజనీరింగు చదివారు. గర్వపడవలసిన విషయమే. కానీ మీ అమ్మాయి ఫోను చేస్తే ఎత్తేది ఆ పెద్దలు కాదు, గత మూడేళ్లలో ఆ విభాగం నుంచి బయటికి వచ్చిన పిల్లలు. ఒక్కో చోట అలాంటివాళ్లను కనీసం ముగ్గురిని వెతికి మాట్లాడించండి. ల్యాబులో ఎవరి ప్రయోగం వాళ్లే చేశారా, రెండో ఏడాది ప్రాజెక్టు ఎక్కడ చేశారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు అని అడిగితే చాలు. నంబర్లు దొరకకపోవడమో, దొరికినా ఎవరూ పలకకపోవడమో జరిగితే అక్కడి పూర్వ విద్యార్థుల సంఘం కాగితం మీదే ఉందని అర్థం.

ఇంకో మాట. పరిశ్రమలో చేరాలనుకుంటే ప్రకటనల్లో "ఎమ్మెస్సీ ఆర్గానిక్" అనో "అనలిటికల్" అనో అడుగుతారు. ఐఐటీల వంటి చోట్ల పట్టా మీద ఉత్త "కెమిస్ట్రీ" అనే ఉంటుంది. దానివల్ల ఉద్యోగం పోదు కానీ, ఆర్గానిక్‌లో ఏమేం చదివిందో తానే వివరించుకోవాలి.

జవాబు: విజయనగరం నుంచి, పదవీ విరమణ చేసిన కెమిస్ట్రీ అధ్యాపకుడు

అమ్మాయ్, ఉద్యోగం వరకు నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. ఆ పిల్లకు పరిశోధన మీద మనసుంటే మాత్రం లెక్క మారుతుంది. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇది చెప్పకుండా ఉండలేను.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో మొదలైంది. పరిశోధనకు పెట్టింది పేరు. అదే నగరంలో కెమిస్ట్రీకి పేరున్న కేంద్ర పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది. అక్కడ చదివే పిల్లకు దక్కేది పట్టా మీది పేరొక్కటే కాదు. పక్క గదిలో నలుగురు పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షకు చదువుతుంటారు, మెట్ల మీద పీహెచ్‌డీ విద్యార్థులు ఎదురవుతారు, సెలవుల్లో ఏ ల్యాబులో పనిచేయాలో వాళ్లే చెబుతారు. ఆ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, మూడో ఏడాది నుంచి 42,000. విదేశాలకు దరఖాస్తు చేసినా అక్కడి ఆచార్యుడు రాసే సిఫారసు లేఖకు విలువ ఉంటుంది. పేరు పనికొచ్చేది ఇక్కడే.

తెలుగు మాధ్యమం నుంచి వెళ్లిన నా శిష్యులు మొదటి సెమిస్టరులో ఇంగ్లిషుకు భయపడి ఏడ్చారు. రెండో సెమిస్టరుకు కుదుటపడ్డారు. అది ముందే చెప్పి పంపండి. దూరం కంటే నాకు ఆ మొదటి నాలుగు నెలలే ముఖ్యం.

పలాస తండ్రి

మాస్టారూ, అమ్మా, ఇద్దరికీ దండాలు. రాత్రి అన్నాలయ్యాక అడిగాను, ఉద్యోగమా పరిశోధనా అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పుస్తకంలో ఉన్నది మొదట ఎవరికి ఎలా తెలిసిందో, అలా నాకూ ఏదైనా తెలియాలని ఉంది నాన్నా" అంది. ఇన్నాళ్లూ నేను దాన్ని ఈ మాట అడగనే లేదు.

ఇప్పుడు నా భయం రెండు. ముందు విశాఖలో చేరి, తర్వాత హైదరాబాద్ సీటు ఖాయమైతే సర్టిఫికెట్లు తిరిగి ఇస్తారా? హాస్టలు, మెస్సు ఖర్చుకు అప్పు పుడుతుందా?

జవాబు: ఆమదాలవలస నుంచి, బ్యాంకు ఉద్యోగి

అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశాలిచ్చింది. చూసి వెనక్కి ఇచ్చేయాలి. మానేస్తే ఫీజు వాపసుకు కూడా గడువులున్నాయి, చేరే రోజే ఆ తేదీ రాసుకోండి.

అప్పుకు 2024లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి అనే విద్యారుణ పథకం చూడండి. నిర్ఫ్ ర్యాంకుల్లో ముందున్న, ఆ పథకం జాబితాలోని సంస్థల్లో సీటు వస్తే తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపైతే, 10 లక్షల వరకు రుణానికి చదువుకునే కాలంలో వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోండి. చివరి వారంలో అందరూ దాని దగ్గరే ఆగిపోతారు.

రణస్థలం నుంచి

బాబాయ్ గారూ, అమ్మాయి ఆ మాట అన్నాక నేనూ మాస్టారి వైపే. హైదరాబాద్ పంపండి. నా జూనియర్ ఒకమ్మాయి ఇప్పుడు అక్కడే పీహెచ్‌డీ చేస్తోంది, సోంపేట పిల్ల. అడిగి తన నంబరు మీకు విడిగా పంపాను. ఈ వారం నాకు మొదటి షిఫ్టు. సాయంత్రం ఐదు దాటాక అమ్మాయిని నాకు కూడా ఒకసారి ఫోను చేయమనండి, టీఎల్‌సీ ప్లేటు ఎలా చదవాలో వెళ్లేలోపు చెబుతాను.