సూనియన్ స్తంభాలకు 16 గాడులే ఎందుకు?

ఏథెన్స్‌కి దక్షిణాన, సముద్రానికి దాదాపు 60 మీటర్ల ఎత్తున సూనియన్ కొండకొమ్ము మీదున్న, గ్రీకుల సముద్రదేవుడు పొసైడన్ గుడి గురించి. పాతదాన్ని క్రీ.పూ. 480లో పర్షియన్లు కూల్చారు, ఇప్పుడున్నది 440 ప్రాంతంలో కట్టింది. డోరిక్ (ప్రాచీన గ్రీకు నిర్మాణశైలి) స్తంభానికి మామూలుగా 20 నిలువు గాడులు, ఏథెన్స్‌లోని ప్రసిద్ధ గుడి పార్థినాన్‌కీ అంతే. ఇక్కడ 16. ఉప్పుగాలికి గాడుల మధ్య పదునైన అంచులు రాలిపోతాయని తగ్గించారంటారు.

లెక్కేసి చూశాను. అడుగున మీటరు అడ్డకొలత స్తంభానికి గాడి వెడల్పు 15.7 సెం.మీ. నుంచి 19.6కి పెరుగుతుంది, తగ్గేది నాలుగు అంచులే. ఇంత చిన్న లాభానికా అనిపిస్తోంది. పోల్చడానికి తీరంలోనే ఉన్న రామ్నస్ అనే చోటి నెమెసిస్ దేవత గుడి పట్టుకుంటే, అక్కడ గాడులు చెక్కడమే పూర్తికాలేదు!

క్రీ.పూ. 5వ శతాబ్దపు తీరప్రాంత డోరిక్ గుళ్లలో 16 గాడులున్నది ఇంకోటి ఏదైనా ఉందా?