కేసులు ట్రిమ్ చేసినా మళ్ళీ పొడవవుతున్నాయి, పిచ్చెక్కుతోంది

గన్నవరం గురి:
రాత్రి తొమ్మిదికి గ్యారేజీలో కూర్చున్నాను, ఇప్పుడు ఒంటిగంట దాటింది. మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది, మూడోసారి లైటు ఆపేసి వెళ్ళింది. నిన్న వంద కేసులు, అంటే కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలు, మళ్ళీ మందు నింపుకోవడానికని ఒక్కొక్కటీ మూతి కోసి పుస్తకంలో రాసిన కొలతకి సరిగ్గా ట్రిమ్ చేశాను. ఇవాళ కొలిస్తే ఒకటి 3 థౌ (అంగుళంలో వెయ్యోవంతులు) ఎక్కువ, ఇంకోటి 8, ఒకటైతే ఏకంగా 11. ఇత్తడి రాత్రికి రాత్రి పెరుగుతుందా? కొలిచే కాలిపర్‌కి బ్యాటరీ మార్చాను, ట్రిమ్మర్ మొదటినుంచీ సెట్ చేశాను. ఆదివారం 200 గజాల రైఫిల్ మ్యాచ్ ఉంది. అసలు ఎప్పుడు ట్రిమ్ చేయాలండీ? కాల్చిన ప్రతిసారీనా, మూడు నాలుగుసార్లకి ఒకసారా? వీడియోకో మాట చెబుతున్నారు.

రెండు ముక్కలు:
ఏ క్యాలిబర్?

గచ్చిబౌలి 22:
టైటిల్ చూసి కోర్టు కేసులేమో అని లోపలికొచ్చాను 😀 మాకీ గొడవే లేదన్నా. మాది 50 మీటర్లు, 22 రిమ్‌ఫైర్. పేల్చే మసాలా అడుగు అంచులోనే ఉంటుంది, ఒకసారి కాలిస్తే దాని పని అయిపోయినట్టే. గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు పతకం తెచ్చిన ఎయిర్ రైఫిల్‌లో అసలు కేసే ఉండదు. హాయిగా ఇటు వచ్చేయండి.

ప్లేనో పంతులు:
ట్రిమ్ సంగతి తర్వాత, ముందు అనీలింగ్, అంటే కేసు మెడని వేడిచేసి మెత్తబరచడం, చేస్తున్నారా చెప్పండి. బుల్లెట్‌ని పట్టుకునే ఆ మెడ కాల్చినప్పుడు సాగుతుంది, డైలోకి (కేసుని తిరిగి సైజుకి తెచ్చే అచ్చు) తోసినప్పుడు నలుగుతుంది. ఇలా నలిగి నలిగి ఇత్తడి గట్టిపడుతుంది. గట్టిపడ్డ మెడ ఒక్కో బుల్లెట్‌ని ఒక్కోలా పట్టుకుంటుంది, టార్గెట్ మీద గ్రూప్ (గుళ్ళు పడ్డ గుంపు) నిలువునా సాగిపోతుంది. మెడకీ దాని కింది ఏటవాలు భుజానికీ మాత్రమే వేడి తగలాలి, అడుగుకి తగిలితే అక్కడ మెత్తబడి ప్రమాదం. నేను మూడుసార్లకి ఒకసారి చేస్తాను. మనవాళ్ళు వేలు పోసి స్కోప్ కొంటారు, ఇది మాత్రం పట్టించుకోరు. మొన్న రేంజ్‌లో ఒకాయనకి గంటసేపు చెప్పాను, విన్నట్టే విని వెళ్ళిపోయాడు.

రెండు ముక్కలు:
అతను అడిగింది అది కాదు. క్యాలిబర్?

గన్నవరం గురి:
సారీ అన్నా, 223, బోల్ట్ గన్. చెప్పాననే అనుకున్నాను. 1.750 అంగుళాలకి కోశాను. ఇప్పుడు బుల్లెట్లు 1.753 నుంచి 1.761 దాకా ఉన్నాయి.

కొలబద్ద:
బుల్లెట్లు పెరగవు బాబూ. బుల్లెట్ అంటే ముందు ఎగిరిపోయే ముక్క. మీరు కొలుస్తున్నది కేసు. మందు, దాన్ని అంటించే ప్రైమర్, బుల్లెట్ అన్నీ కలిస్తేనే తూటా.

గచ్చిబౌలి 22:
పేపర్లో "తూటా దిగింది" అంటారుగా? అంటే కేసుతో సహా దిగిందా?

కొలబద్ద:
పేపర్లో రాసేది వేరు, రీలోడింగ్ బెంచి మీద మాట వేరు. ఇక్కడ పదం తప్పితే కొలతా తప్పుతుంది. మొన్నొకాయన హెడ్‌స్పేస్ పెరిగిందని కేసు మూతి కోసుకుంటూ కూర్చున్నాడు. హెడ్‌స్పేస్ అంటే అడుగు నుంచి భుజం దాకా చూసే కొలత, ట్రిమ్ చేసేది మూతి దగ్గర. ఎంత కోసినా అది తగ్గదు.

ఎక్స్ రింగ్ అక్క:
పదాల పంచాయితీ తర్వాత పెట్టుకోండి. తమ్ముడూ, ట్రిమ్ చేసింది డైలో సైజింగ్‌కి ముందా, తర్వాతా?

గన్నవరం గురి:
ముందే అక్కా. నిన్న ట్రిమ్, ఇవాళ సైజింగ్. అదీ చెప్పాలా?

ఎక్స్ రింగ్ అక్క:
ఉన్నదంతా అందులోనే ఉంది. కాల్చినప్పుడు కేసు చాంబర్, అదే తుపాకీలో తూటా కూర్చునే గది, నిండా లావెక్కుతుంది. ఫుల్ లెంగ్త్ డైలోకి తోస్తే ఆ లావు తగ్గాలి కదా, ఆ ఇత్తడి పైకి, మెడలోకి పాకుతుంది. చపాతీ ముద్దని రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కితే పొడవవదూ, అలాగే. ట్రిమ్మర్ తప్పు లేదు, కాలిపర్ తప్పూ లేదు. ముందు సైజింగ్, తర్వాత కొలత, ఆ తర్వాతే ట్రిమ్.

ఎప్పుడు అన్నారు కదా. 223కి పైహద్దు 1.760. సైజ్ చేశాక అది దాటినది కోయకుండా లోడ్ చేయకూడదు. మూతి వెళ్ళి చాంబర్ చివర ఆనితే బుల్లెట్‌ని వదలదు, ప్రెషర్ పెరుగుతుంది. హద్దు లోపల ఉన్నవాటికి తొందర లేదు. ఇన్నిసార్లకి ఒకసారి అనే లెక్క నమ్మకండి, మీ చాంబర్, మీ డై ఎలా ఉన్నాయో దాన్ని బట్టి సాగుతుంది. నేనైతే మ్యాచ్ కేసులన్నీ ప్రతిసారీ ఒకే పొడవుకి తెస్తాను. గ్రూప్ బాగుపడుతుందని కాదు, ఏది కోశానో ఏది కోయలేదో గుర్తుపెట్టుకునే ఓపిక లేక.

గన్నవరం గురి:
మరి ఒకటి 3, ఒకటి 11 ఎందుకక్కా?

ఎక్స్ రింగ్ అక్క:
మెడ లోపల లూబ్ రాశారా?

గన్నవరం గురి:
కొన్నిటికి. తర్వాత విసుగొచ్చింది.

ఎక్స్ రింగ్ అక్క:
పొడి మెడలోంచి ఎక్స్‌పాండర్, అదే డైలో మెడని విప్పే గుండు, బయటికి వచ్చేటప్పుడు కేసుని లాక్కుంటూ వస్తుంది. కిర్రుమని చప్పుడు వినే ఉంటారు.

గన్నవరం గురి:
విన్నాను. ప్రెస్ చప్పుడనుకుని దానికి ఆయిల్ వేశాను 🤦

టెక్సాస్ బావ:
అంత భయం అక్కర్లేదు బ్రో. నేను 1.765 దాకా వాడాను, ఏమీ కాలేదు. చాంబర్లన్నీ కాస్త వదులుగానే చేస్తారు.

రెండు ముక్కలు:
నీ చాంబర్ కొలిచావా?

టెక్సాస్ బావ:
లేదు. కానీ ఇన్నేళ్ళలో ఏమీ కాలేదుగా.

రెండు ముక్కలు:
సరే.

కొలబద్ద:
చాంబర్ పొడవు కొలిచే చిన్న గేజ్ దొరుకుతుంది, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. అది కొని కొలిచాక మాట్లాడండి. ఇంకో మాట: ఎక్కువసార్లు కాల్చిన కేసులైతే అడుగుకి కొంచెం పైన చుట్టూ మెరిసే గీత ఉందేమో చూడండి. పేపర్ క్లిప్ కొన వంచి లోపల గోడ మీద లాగితే గాడి తెలుస్తుంది. తెలిస్తే ఆ కేసు పారేయడమే. మూతిలోకి పాకిన ఇత్తడి అక్కడినుంచి వచ్చిందే.

గన్నవరం గురి:
గీతలు లేవు. ఒక్కటే 1.760 దాటింది, దాన్ని కోసేశాను. తతిమ్మావి మ్యాచ్ అయ్యాక చూస్తా. థ్యాంక్స్ అక్కా, పడుకుంటా.

ఎక్స్ రింగ్ అక్క:
కోసినదానికి మూతి లోపలా బయటా బర్ (కోసినచోట మిగిలే పదును అంచు) తీశారా?

ప్లేనో పంతులు:
ఇంతకీ అనీలింగ్ చేస్తున్నారో లేదో చెప్పనే లేదు.