పెద్దవాళ్ల ఏడీహెచ్‌డీ: మందు గురించి ఫ్యామిలీ డాక్టరును ఎలా అడగాలి?

ప్రశ్న, రాయగడ నుంచి:
అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు. ఇక్కడ ఒక హోల్‌సేల్ బట్టల షాపులో లెక్కలు చూస్తాను. నెలలో 20వ తేదీ దగ్గర పడుతోందంటే టెన్షన్ మొదలవుతుంది. జీఎస్టీ రిటర్ను వేయడం రాక కాదు. పోర్టల్ తెరుస్తాను, ఓటీపీ కోసం ఫోన్ తీస్తాను, అంతే. అరగంట తర్వాత చూసుకుంటే మా పిన్ని కూతురి పెళ్లి ఫొటోలకు కామెంట్లు పెడుతూ ఉంటాను. ఈలోపు పోర్టల్ లాగౌట్ అయిపోయి ఉంటుంది. గడువు దాటితే లేటు ఫీజు రోజుకు 50 రూపాయలు. ఓనరు ఇంకా ఓపిక పడుతున్నారు. చిన్నప్పుడు కూడా ప్రోగ్రెస్ కార్డులో ఏటా "తెలివి ఉంది, శ్రద్ధ లేదు" అనే రాసేవారు. ఇది ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య) ఏమోనని అనుమానం, దానికి మందు ఉందని విన్నాను.

మా ఫ్యామిలీ డాక్టరు ఒడియావారు, నాన్నగారికి స్నేహితుడు. "మత్తు బిళ్లలు అడుగుతోంది" అనుకుంటారేమోనని భయంగా ఉంది. ఆయన ఈ మందు రాయగలరా? రాయగడలో దొరుకుతుందా?

బరంపురం నుంచి (మెడికల్ షాపు):
చెల్లెమ్మా, సగం గందరగోళం మందుల దగ్గరే ఉంది కాబట్టి ముందు అది చెప్తాను. మన దేశంలో దీనికి ఎక్కువగా రాసేవి మిథైల్‌ఫెనిడేట్, అటొమాక్సెటిన్. మొదటిది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి ఆంక్షలున్న మందుల జాబితాలోది. అది అమ్మాలంటే షాపుకు వేరే లైసెన్సు ఉండాలి, సరుకు తాళం వేసి ఉంచాలి. డాక్టరు చీటీ రెండు కాపీలు రాయాలి, అందులో ఒకటి మేం రెండేళ్లు దాచాలి. ఈ తలనొప్పి ఎందుకని చాలా షాపులవాళ్లు తెప్పించరు. మీ ఊళ్లో అడిగితే కౌంటర్లో కుర్రాడు మిమ్మల్ని ఎగాదిగా చూడొచ్చు, పట్టించుకోకండి. అటొమాక్సెటిన్‌కి ఈ గొడవ లేదు. మామూలు చీటీ మీద ఇస్తారు, స్టాకు లేకపోతే ఆర్డర్ పెడతారు.

అమెరికా వీడియోల్లో చెప్పే యాడరాల్ అనే ఏడీహెచ్‌డీ మందు ఇక్కడ అమ్మరు. డాక్టరు దగ్గర ఆ పేరు ఎత్తకపోవడమే మంచిది. 2020 టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం షెడ్యూల్ ఎక్స్ మందులు వీడియో కాల్‌లో చూసి రాయకూడదు. వాట్సాప్‌లో చీటీ పంపిస్తాం అనేవాళ్ల జోలికి పోకండి.

ఇక మీ డాక్టరుగారి సంగతి. ఎంబీబీఎస్ వాళ్లు రాయకూడదని చట్టంలో లేదు, కానీ మొదటి చీటీ రాయడానికి దాదాపు ఎవరూ ముందుకు రారు. సైకియాట్రిస్టు మొదలుపెట్టాకే బీపీ, బరువు చూస్తూ ఉండటానికి ఒప్పుకుంటారు.

పర్లాకిమిడి నుంచి:
ఇవన్నీ ఫోన్లు వచ్చాక పుట్టిన రోగాలమ్మా. ఫోన్ బీరువాలో పెట్టి పని చేసుకో, అదే తగ్గుతుంది.

జయపురం నుంచి (స్టాఫ్ నర్సు):
పెద్దాయనా, ఆ అమ్మాయి ప్రోగ్రెస్ కార్డు నాటికి ఇంట్లో ఫోన్లెక్కడివండీ? అసలు డాక్టర్లు చూసేది కూడా అదే. పన్నెండేళ్లలోపే ఈ లక్షణాలు కొన్ని ఉండాలి, ఒక్క ఆఫీసులోనే కాక ఇంట్లో కూడా ఇబ్బంది పెట్టాలి. పెద్దవాళ్లలో ఏకాగ్రతకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు గానీ, కుదురు లేకపోవడం, తొందరపాటుకు సంబంధించిన తొమ్మిదిలో కనీసం ఐదు గానీ కనిపించాలి.

అమ్మా, మీరు వెళ్లి మందు అడగకండి, పరీక్ష అడగండి. కూర్చోగానే ఇలా చెప్పండి: "డాక్టరుగారూ, చిన్నప్పటి నుంచి పని మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తున్నాను. ఉద్యోగం మీదకు వస్తోంది. ఏడీహెచ్‌డీ ఏమోనని అనుమానం. ముందు వేరే కారణాలున్నాయేమో చూసి, సైకియాట్రిస్టుకు లెటర్ రాసిస్తారా?" ఇలా అడిగితే ఆయన చేతిలో ఉన్న పనే అడిగినట్టు అవుతుంది. ఏ డాక్టరూ కాదనరు.

వేరే కారణాలంటే థైరాయిడ్, రక్తహీనత, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగడం, డిప్రెషన్, ఆందోళన. వీటిలో కూడా మతిమరుపు, పని సాగకపోవడం ఉంటాయి. బీపీ, పల్స్ రాయించుకోండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి పోయారా అన్నది కూడా చెప్పండి, ఈ మందులకు ముందు అది తప్పక అడుగుతారు, అవసరమైతే ఈసీజీ తీస్తారు. ఒక కాగితం మీద మీరిక్కడ రాసిన ఓటీపీ సంగతిలాంటివి నాలుగు రాసుకోండి. "ఏకాగ్రత లేదు" అంటే పది జబ్బుల్లో ఏదైనా కావచ్చు, అదే పోర్టల్ లాగౌట్ కథ వింటే వెంటనే బొమ్మ కడుతుంది.

గుణుపూర్ నుంచి:
అక్కా, నేను అటొమాక్సెటిన్ మీద ఉన్నాను. ఇది వేసుకున్న రోజే పనిచేసేది కాదు, పూర్తిగా పట్టు దొరకడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే రెండో వారానికే "పనికిమాలిన మందు" అని మానేస్తారు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం, అందుకే ఇడ్లీ తిన్నాకే వేసుకుంటాను. నోరు ఎండుతుంది, ఆకలి తగ్గుతుంది. పని మనమే చేయాలి, మొదలుపెట్టడానికి పడే ఆ కుస్తీ మాత్రం తగ్గుతుంది. డోసు సంగతి నేను చెప్పను, అడగొద్దు కూడా.

సైకియాట్రీ విభాగం కోరాపుట్ మెడికల్ కాలేజీలో, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో ఉంది. రైలెక్కి విశాఖ వెళ్లేవాళ్లు చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చూపించుకుంటారు, అక్కడ తెలుగులో చెప్పుకోవచ్చు, అదో హాయి. షెడ్యూల్ ఎక్స్ మందు రాస్తే అదే ఊళ్లో కొనుక్కుని వచ్చేయండి. అక్కడి చీటీ పట్టుకుని ఇక్కడ తిరిగితే కొందరు షాపువాళ్లు నసుగుతారు.

రాయగడ నుంచి:
చాలా థాంక్స్. రెండు విషయాలు. నేను థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను, పిల్లల కోసం కూడా ఆలోచిస్తున్నాం. పైగా డాక్టరుగారు నాన్నకు చెప్పేస్తారేమో!

జయపురం నుంచి:
ఆ రెండూ మొదటి నిమిషంలోనే చెప్పండి. థైరాయిడ్ డోసు సరిగ్గా లేకపోయినా ఇలాగే ఉంటుంది, తాజా రిపోర్టు పట్టుకెళ్లండి. గర్భం ఆలోచన ఉంటే ఏ మందు, ఎప్పుడు అన్న లెక్కే మారిపోతుంది. డిప్రెషన్‌కి ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ లాంటివి వాడుతుంటే అదీ చెప్పాలి, అవి శరీరంలో అటొమాక్సెటిన్ మోతాదు పెంచేస్తాయి.

నాన్నగారి విషయం కూడా మొహమాటపడకుండా చెప్పేయండి: "అంకుల్, ఇది మన మధ్యే ఉండాలి." 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. అయినా ఇబ్బందిగా ఉంటే వేరే డాక్టరుకు చూపించుకోండి. ఈలోగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

రాయగడ నుంచి:
శనివారం సాయంత్రం వెళ్తున్నాను అక్కా. కాగితం రాసేశాను, రెండు పేజీలైంది.

జయపురం నుంచి:
ఒక పేజీకి తగ్గించండి, డాక్టర్లు రెండో పేజీ తిప్పరు. బీపీ చూపించుకునే ముందు అరగంట వరకు టీ, కాఫీ వద్దు.