ఉత్పలమాల 3,55,799వ వృత్తం: ఈ సంఖ్య ఎక్కడిది?

ప్రశ్న (కొత్తపేట, గుంటూరు):
ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణాలు, పదో అక్షరం యతి. ఇంతవరకూ సరే. పక్కనే ‘కృతి ఛందంలో 3,55,799వ వృత్తం’ అని కూడా రాస్తారు. అన్ని లక్షలు ఎవరు లెక్కపెట్టారండీ? గణాలు మరిచిపోతే ఈ సంఖ్య నుంచి రాబట్టుకోవచ్చా?

జవాబు (సత్యనారాయణపురం, బెజవాడ):
నిక్షేపంగా రాబట్టొచ్చు. ఆ పద్ధతికి ‘నష్టం’ అని పేరు. సంఖ్య సరి అయితే లఘువు రాసి సగం చేయండి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయండి.

3,55,799 బేసి, గురువు. 1,77,900 సరి, లఘువు. 88,950 కూడా లఘువే. భగణం వచ్చేసింది. తర్వాత 44,475, 22,238, 11,119: గురువు, లఘువు, గురువు, అంటే రగణం. 5,560, 2,780, 1,390 మూడూ సరి కాబట్టి నగణం. 695, 348, 174 భ. 87, 44, 22 మళ్లీ భ. 11, 6, 3 ర. మిగిలిన 2, 1 లగం, అదే వ. ఇరవై అక్షరాలూ తేలాయి.

బేసి దగ్గర ఒకటి కలపకుండా తీసేస్తే 1,77,899 వచ్చి రెండో అక్షరమే గురువై కూర్చుంటుంది. ఇక 1 దగ్గర ఎప్పుడు ఆగాలో సంఖ్య చెప్పదు. ఒకటి కలిపి సగం చేస్తే మళ్లీ 1, మళ్లీ గురువు, అలా సాగుతూనే ఉంటుంది. అందుకే ‘కృతి’ అన్న మాట వదలకూడదు. కృతి అంటే పాదానికి 20 అక్షరాలు, మొత్తం 10,48,576 వృత్తాలు.

వెనక్కి వెళ్లడం ‘ఉద్దిష్టం’. మొదటి అక్షరం మీద 1, తర్వాత 2, 4, 8... ఇరవయ్యో దాని మీద 5,24,288 వేసి, లఘువుల మీదవి మాత్రం కూడండి. ఉత్పలమాలలో 12 లఘువులకు 3,55,798 వస్తుంది. ప్రస్తారంలో, అంటే గురులఘువుల అమరికలన్నీ వరుసగా రాసిన పట్టికలో, సర్వగురువు మొదటి వరుస కాబట్టి ఒకటి కలపాలి. కంప్యూటరు తెలిసినవాళ్లు దీన్ని 0, 1లుగా రాసి తికమకపడుతుంటారు. ఇక్కడ ఎడమవైపు మొదటి అక్షరానిదే అతి చిన్న విలువ.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు):
మాస్టారు చెప్పింది చిన్న మాట మీద సరిచూడండి. ‘గుంటూరు’ రెండు గురువులు, ఒక లఘువు. 4కి 1 కలిపితే 5. మ, య, ర, స, త, జ, భ, న వరుసలో తగణం ఐదోదే కదా! ‘బెజవాడ’ నాలుగక్షరాల్లో 12వది, ‘విజయవాడ’ ఐదక్షరాల్లో 24వది. ముందు ఒక లఘువు చేరితే సంఖ్య రెట్టింపవుతుంది, గురువు చేరితే రెట్టింపులో ఒకటి తగ్గుతుంది.

చంపకమాల గుట్టూ ఇదే. ఉత్పలమాల మొదటి గురువు తీసేస్తే మిగిలేది 1,77,900. దాని ముందు రెండు లఘువులు పెడితే నాలుగింతలై 7,11,600. శార్దూలం 1,49,337 నుంచి మత్తేభం 2,98,676 కూడా ఇలాగే వస్తుంది. ఎప్పుడైనా రెట్టింపు చేసి రెండు కలపడమే.

అచ్చుతప్పులు పట్టడానికి ఇది భలే పనికొస్తుంది. గురువుతో మొదలయ్యే ఉత్పలమాల, శార్దూలాలకు సరిసంఖ్య కనిపిస్తే అది తప్పే. చంపకమాల, మత్తేభాల సంఖ్య నాలుగుతో నిశ్శేషంగా పోవాలి.