రికవర్‌కీ కవర్‌కీ చుట్టరికం లేదు

"రికవర్‌కి తెలుగులో ఒక్క మాట చెప్పండి" అని నిన్న గ్రూపులో ఒకరు అడిగారు. ఒక్క మాటతో పని జరగదండీ. డెంగీ వచ్చిన మనిషి కోలుకుంటాడు, బ్యాంకు బాకీ రాబట్టుకుంటుంది, పడిపోయిన షేర్ మార్కెట్ పుంజుకుంటుంది. ఇంగ్లీషులో మూడూ రికవరే.

ముందు ఒక అపోహ. ఇది రీ, కవర్ కలిసిన మాట కాదు. సోఫాకి కొత్త గుడ్డ వేయించడాన్ని అనే రీ-కవర్ వేరే మాట. మధ్యలో అడ్డగీత పెట్టి రాస్తారు, దాని మూలం వేరు. మన రికవర్ లాటిన్‌లోని 'రెకుపెరారే' నుంచి పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చింది. తర్వాత 16వ శతాబ్దంలో అదే లాటిన్ మాటను నేరుగా మళ్లీ తెచ్చుకుని రికూపరేట్ అన్నారు. రోమన్ న్యాయంలో సొత్తు తగాదాలు తీర్చే పెద్దల్ని 'రెకుపెరాతోరెస్' అనేవారు. అంటే బాకీ వసూళ్ల వాసన దీనికి కొత్తగా పట్టింది కాదు.

ఆ వాసన ఒంటికీ అంటింది. ఇంగ్లీషువాడు స్పృహను కూడా రికవర్ చేసుకుంటాడు, పారేసుకున్న పర్సులాగా. మనకు స్పృహ దానంతటదే వస్తుంది, మనిషి తేరుకుంటాడు. తేరడం నీళ్ల మాట. గోదావరికి వరదొస్తే అమ్మమ్మ బిందెలో ఎర్ర నీళ్లు పట్టి, చిల్లగింజ అరగదీసి కలిపి, కదపకుండా వదిలేసేది. తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగి పైన తేట నీళ్లు. తేట, తేరడం ఒక ఇంటివే. దుఃఖంలోంచి తేరుకోవడానికి ఇంతకంటే మంచి మాట నాకు కనిపించలేదు.

పేపర్లలో మాత్రం రికవరీ గజిబిజిగా ఉంది. మా పక్కింటావిడ గొలుసు పోయింది. "గొలుసు రికవరీ" అని వార్త వచ్చింది, అందరం సంబరపడ్డాం. తీరా చూస్తే అది ఇంకా కోర్టు దగ్గరే ఉంది, ఆవిడ మెడ బోసిగానే ఉంది. పోలీసులు స్వాధీనం చేసుకోవడం వేరు, ఆవిడకి దక్కడం వేరు. తెలుగులో రాసుంటే ఆ తేడా మొదటి లైన్లోనే తెలిసేది.

జ్వరం తగ్గి లేచి కూర్చున్న మనిషిని మా వైపు "తెప్పరిల్లాడు" అంటారు. మీ వైపు ఏమంటారు?